‘ఇతర విషయాలు’ అన్న గడి: తాళాలక్క గారి పదవీ విరమణ వేళ

పందొమ్మిది వందల తొంభయ్యవ సంవత్సరం జూలై నెల రెండవ తేదీ, సోమవారం ఉదయం, మన నీటి సరఫరా కార్యాలయపు తలుపులు ఇంకా తెరుచుకోకముందే, ఒక చేత నియామక ఉత్తర్వునూ మరొక చేత గొడుగునూ ధరించి, ఒక సన్నపాటి యువతి గుమ్మం ముందు నిలబడి ఉన్నారు. ఆ రోజుల్లో మన కార్యాలయపు తాళంచెవి గుమ్మం పక్కనున్న పూలకుండీ కింద నివసించేది. ఆ సంగతి ఉద్యోగులందరికీ, పాలవాడికీ, ఎదురింటి పిల్లలకూ, బహుశా ఊళ్లోని దొంగలందరికీ తెలుసు. నేను కుండీ ఎత్తి తాళంచెవి తీయడం చూసి ఆ యువతి, పెడుతున్న నమస్కారాన్ని మధ్యలోనే ఆపి, “ఇదేంటండీ, అందరూ చూస్తుండగా అలా తీసేస్తున్నారు?” అన్నారు. హాజరుపట్టీలో తొలి సంతకం చేయకముందే కార్యాలయాన్ని తప్పుబట్టిన ఘనత మన సంస్థ చరిత్రలో ఒక్క శ్రీమతి తాళాలక్క గారికే దక్కింది. మరునాడు నేను అలవాటుకొద్దీ కుండీ ఎత్తితే, కింద ఒక వానపాము తప్ప ఏమీ కనిపించలేదు. తలుపు అప్పటికే తీసి ఉంది. తాళంచెవి ఆమె బల్ల సొరుగులో ఉంది.

ఇక నా సంగతి ఒక్క ముక్క. ఇదే కార్యాలయపు ఫిర్యాదుల విభాగంలో కూర్చుని, కుళాయి రాని వారి తిట్లను ఏళ్ల తరబడి సగౌరవంగా స్వీకరించి, విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. చిన్నా పెద్దా అందరికీ బాబాయిని. ఈ సంచికకు వ్యాసం రాయమని కోరిన మన అధికారి గారు, “అభినందన వ్యాసం బాబాయ్, కాస్త కోతలు తగ్గించండి” అని కూడా కోరారు. తగ్గించాను. మొదటి ప్రతిలో ఆమె చేతిలో గొడుగు బదులు ఖడ్గం ఉండేది.

టైపిస్టుగా ప్రవేశించిన తాళాలక్క గారు కొద్ది సంవత్సరాలలోనే తమ వేగానికీ నిర్దుష్టతకూ పేరుపొందారు. ఆ దశలోనే మన కార్యాలయానికి తొలి కంప్యూటరు విచ్చేసింది. విచ్చేసింది అనే అనాలి, ఎందుకంటే మనుషులకు ఫ్యాను కూడా సరిగ్గా తిరగని ఆ భవనంలో దానికొక్కదానికే చల్లని గది కట్టించారు, ఆ గదికి తెర వేశారు, చెప్పులు బయట విడవమన్నారు. ఆ గదిలో చలి ఎంతటిదంటే, ఒక వేసవి మధ్యాహ్నం నేను లోపలికి వెళ్లి సంతకం చేయబోతే కలంలో సిరా గడ్డకట్టింది. ఎండలో పెట్టి కరిగించుకుని వచ్చాను. ఈ మాట నమ్మనివారు ఆనాటి క్యాషియరును అడగవచ్చు. ఆయన కలం కూడా గడ్డకట్టింది.

ఆ యంత్రం దగ్గరకు వెళ్లడానికి మేమంతా జంకుతూ నిలబడితే, శిక్షణకు వెళ్లివచ్చిన తాళాలక్క గారు మాకు మా భాషలోనే దాన్ని పరిచయం చేశారు. నీళ్ల ఆఫీసు వాళ్లకు నీళ్లతోనే చెప్పాలని ఆమెకు తోచింది. “బాబాయ్, మీరు టైపు చేస్తున్నదంతా ఇప్పుడు బకెట్లో ఉన్న నీళ్లు. కరెంటు పోతే బకెట్టు బోర్లా పడుతుంది. సేవ్ నొక్కడమంటే బకెట్లో నీళ్లు ట్యాంకులో పోసుకోవడం. అంతే.” ర్యామ్ అంటే బకెట్టు, హార్డ్‌డిస్కు అంటే ట్యాంకు, ఫైర్‌వాల్ అంటే నీళ్లను ఒకే దిక్కుకు వదిలే వాల్వు, వైరస్ అంటే ఏదో ఒక కీలు దగ్గర గొట్టంలోకి దూరి వీధి వీధంతా పాకే మురికి. గ్రామీణ పాఠశాలలో పలకా బలపంతో చదువుకున్న నావంటి వానికి ఇంతకంటె స్పష్టమైన పాఠం నేటికీ ఎవరూ చెప్పలేదు.

అటు పిమ్మట పాస్‌వర్డుల అధ్యాయం. “మీకొక్కరికే తెలిసిన మాట పెట్టుకోండి, పక్కవాళ్లకి చెప్పకండి” అని ఆమె ఆదేశించారు. ఆదేశాన్ని మేము అక్షరాలా పాటించాం. ఒకరికొకరం చెప్పుకోకుండానే అందరం ఒకే మాట పెట్టుకున్నాం. అది మన వరండాలో తిరిగే పిల్లి పేరు, బూడిద. రోజూ భోజన విరామంలో అటెండరు మెట్ల మీద నిలబడి, “బూడిదా! బూడిదా!” అని ఎలుగెత్తి పిలిచేవాడు. అనగా ఈ పట్టణపు నీటి పన్ను వివరాలన్నింటికీ రక్షణగా ఉన్న రహస్యపదాన్ని ప్రతి మధ్యాహ్నమూ వీధికి చాటింపు వేయించేవాళ్లం. ఒకనాడు ఆ పిల్లి స్వయంగా కీబోర్డు మీద నడిస్తే లెక్కల ఫైలు తెరుచుకుందని క్యాషియరు ప్రమాణం చేసి చెప్పాడు. నేను నమ్మాను.

సంగతి బయటపడిన రోజున తాళాలక్క గారు నా బల్ల ముందుకు వచ్చి నిలబడ్డారు.

“ఇంటికీ, బీరువాకీ, సైకిలుకీ ఒకటే తాళంచెవి చేయించుకుంటారా బాబాయ్?”

“చేయించుకుంటే జేబు తేలిగ్గా ఉంటుంది కదమ్మా.”

“దొంగకి కూడా తేలిగ్గానే ఉంటుంది.”

ఆనాటి నుంచి ఒక్కొక్క పనికి ఒక్కొక్క పాస్‌వర్డు, అదీ పేర్లూ పుట్టినరోజులూ కాకుండా మనకు మాత్రమే నవ్వు తెప్పించే ఒక పొడవాటి వాక్యం పెట్టుకోవాలని నియమం ఏర్పడింది. నా వాక్యమేమిటో ఇప్పటికీ చెప్పను. అది క్యాషియరును గురించినది.

సీటు లేచి వెళ్లేటప్పుడు స్క్రీన్ లాక్ చేయాలన్నది ఆమె మరొక శాసనం. చేయనివారిని ఆమె మందలించేవారు కారు. నిశ్శబ్దంగా వచ్చి వారి కుర్చీని ఎత్తుకుపోయి వరండాలో పెట్టేవారు. టీ తాగి వచ్చిన ఉద్యోగి, బల్ల ముందు ఖాళీ చూసి, తలవంచుకుని వరండాలోకి నడిచి, కుర్చీ నెత్తిన పెట్టుకుని తిరిగి రావలసిందే. ఒకసారి అప్పటి అధికారి గారు సమావేశం నుంచి వచ్చేసరికి వారి తిరిగే కుర్చీ సైతం వరండాలో పిల్లి పక్కన కొలువుదీరి ఉంది. వారు పెద్దమనిషి కనుక అక్కడే కూర్చుని, ఆ మధ్యాహ్నమంతా ఫైళ్లు తెప్పించుకుని సంతకాలు చేశారు. తాళాలక్క అన్న పేరు ఆ రోజున స్థిరపడింది.

ఇక్కడ పంపు ఆపరేటరు గారి ప్రస్తావన తప్పదు. ఊరి చివరి గుట్టమీద, పెద్ద జలాశయం పక్కన ఉన్న పంపు గదిలో ఆయన ఉద్యోగం. మితభాషి. ఉదయమూ సాయంత్రమూ జలాశయంలో నీటి మట్టం ఎన్ని అడుగులున్నదో ఆఫీసుకు చెప్పడం ఆయన విధి. అందుకు టెలిఫోను ఉంది. అయినా తాళాలక్క గారు ఆ నివేదికలు చూసే బాధ్యత స్వీకరించిన కొద్ది రోజులకే ఆయన గుట్ట దిగి సైకిలు మీద స్వయంగా రాసాగారు.

“టెలిఫోను బాగానే ఉంది కదయ్యా, ఇంత దూరం ఎందుకు తొక్కుకుంటూ వస్తావు?” అని అడిగాను.

“దానికి మట్టం సరిగ్గా వినపడట్లేదు బాబాయ్.”

ఆ వినికిడి లోపం వారిద్దరి పెళ్లయ్యాక పూర్తిగా నయమైంది.

పంపు గదికి కూడా కంప్యూటరు అమర్చిన తరువాత నివేదిక తాళాలక్క గారి ఖాతాకు సందేశంగా రావడం మొదలైంది. ఆ పత్రంలో పైన ‘నీటి మట్టం’ అని ఒక గడి, కింద ‘ఇతర విషయాలు’ అని ఒక గడి. మోటారు వేడెక్కడం, గొట్టం పగలడం వంటివి రాయడానికి ఉద్దేశించిన ఆ రెండో గడిలో ఆపరేటరు గారు, “గొడుగు మర్చిపోయావు, తలుపు వెనకే ఉంది” అనీ, “ఎండ ముదిరింది, మధ్యాహ్నం బయటకి రాకు” అనీ, “తిన్నావా?” అనీ రాసేవారు. ఎదురుగా కూర్చోబెడితే భార్యతో నాలుగు మాటలు కలపలేని మనిషి, ఆ గడి కనిపిస్తే ఆగేవారు కారు. అప్పటి అధికారి గారు ఒకనాడు ఆయనను పిలిపించి అడిగారు.

“ఆఫీసు పత్రంలో ఈ ‘తిన్నావా’ ఏంటయ్యా?”

“నీటి సరఫరాకి సంబంధించిందేనండి. ఆవిడ తినకపోతే మధ్యాహ్నం ఆఫీసులో ఎవరికీ పని సాగదు కదా.”

అధికారి గారు ఆలోచించి, నిజమేనని ఒప్పుకున్నారు.

ఆమె కీర్తికి శిఖరమనదగిన ఉదంతం ఒకటి చెప్పాలి. ఒకనాడు మన క్యాషియరు గారికి, “మీ ఖాతా ఈ సాయంత్రం మూసివేయబడును, వెంటనే ఇక్కడ నొక్కండి” అని ఒక మెయిలు వచ్చింది. ఆయన భయస్తుడు. నొక్కాడు. గంట తిరిగేసరికి ఆఫీసులోని ఫైళ్లన్నీ పేర్లు మారిపోయి, తెరిస్తే పిచ్చిగీతలు. వినియోగదారుల ఖాతాలు, మరమ్మతుల వివరాలు, అన్నీ మాయం. క్యాషియరు గారు బల్లకు తల ఆనించి కూర్చున్నారు. తాళాలక్క గారు ముందుగా నెట్‌వర్కు తీగ పీకేశారు, ఆ మురికి ఇంకో గదిలోకి పాకకుండా. పిమ్మట పంపు గదికి ఫోను చేసి ఒకే వాక్యం అన్నారు: “ఆ డబ్బా తీసుకురండి.”

విషయమేమంటే, వారం వారం ఆఫీసు సమాచారమంతటికీ ఆమె రెండు నకళ్లు తీసేవారు. ఒకటి ఇక్కడి బీరువాలో, రెండోది గుట్టమీద పంపు గదిలో. “రెండు నకళ్లూ ఒకే బీరువాలో పెడితే, ఆ బీరువా తడిస్తే ఏం చేస్తాం?” అనేవారు. బీరువాలోది ఆ రోజు మొరాయించింది. బయట కుండపోత. ఆ వానలో ఆపరేటరు గారు గుట్ట దిగి వచ్చారు. ఆయన తల నుంచి కాలి దాకా కారుతున్న నీటితో ఒక వీధికి ఒక పూట సరఫరా చేయవచ్చునని నా అంచనా. చొక్కా లోపల, ప్లాస్టిక్ సంచిలో, భోజనం డబ్బాలో, డిస్కు మాత్రం పొడిగా ఉంది. ఆయన డబ్బాను బల్లమీద పెట్టారు. ఆమె డిస్కు తీసుకుని, “తడిసిపోయారు” అన్నారు. ఆయన, “ఆఁ” అన్నారు. మర్నాటికల్లా ఆఫీసు యథాస్థితికి వచ్చింది. ఆనాడు క్యాషియరును ఎవరైనా వేలెత్తి చూపుతారేమోనని ఆమె అందరినీ కూర్చోబెట్టి చెప్పిన మాట నాకు గుర్తుంది. “వాళ్లకి కావాల్సింది మన తొందరే. సాయంత్రంలోగా, వెంటనే, ఇప్పుడే అని ఎవరైనా అంటే, ఆ మెయిల్లో ఉన్నది నొక్కకండి. మనకి తెలిసిన నంబరుకి మనమే ఫోన్ చేసి అడుగుదాం. ఈసారి ఆయనకి వచ్చింది, రేపు నాకైనా రావచ్చు.”

స్మార్టుఫోన్లు వచ్చిన తరువాత ఆమె పాఠశాల ఫిర్యాదుల హాల్లోని బల్లమీదకు విస్తరించింది. కుళాయి గురించి వచ్చిన వృద్ధులు ఫోను గురించి నేర్చుకుని వెళ్లేవారు. బ్యాంకు నుంచి అంటూ ఎవరో ఫోను చేసి ఓటీపీ అడిగారని ఒక పెద్దావిడ చెప్పింది.

“పాపం, అబ్బాయి గొంతు చాలా మర్యాదగా ఉందమ్మా.”

“మర్యాదగా లేకపోతే మీరు చెప్తారా పిన్నిగారూ? ఆ అంకెలు మీ ఇంటి తాళంచెవి. అడిగినవాడు బ్యాంకువాడు కాదు, అంతే. మళ్లీ చేస్తే పెట్టెయ్యండి ఫోను.”

నాలుగేళ్ల క్రితం, ఉద్యోగంలో ఉండగానే, పంపు ఆపరేటరు గారు గుండెపోటుతో కాలం చేశారు. జలాశయానికి యంత్రం అమర్చారు. అది ఇప్పుడు గంట గంటకూ మట్టాన్ని తానే పంపుతుంది, ఒక్క అంగుళం తేడా లేకుండా. కింద ‘ఇతర విషయాలు’ గడి ఖాళీగా వస్తుంది. పనికిరాని గడిని తీసేద్దామని కొత్త ప్రోగ్రాము రాసినవారు సూచిస్తే, “ఉండనివ్వండి, ఎవరికేం అడ్డం?” అన్నారు తాళాలక్క గారు. ఉదయం సీట్లో కూర్చోగానే ఆమె తెరిచేది ఆ నివేదికనే. పైన మట్టం చూసేవారు. ఆ తరువాత, కొంచెం ఆలస్యంగా, కింది గడి కూడా చూసేవారు.

ఇక ఈ సంవత్సరపు సంగతికి వస్తున్నాను. పదవీ విరమణ చేసినవారి ఖాతాను ఆ ఉద్యోగి చేతనే, మరొకరి సమక్షంలో, శాశ్వతంగా తొలగింపజేయడం ఆమె పెట్టిన నియమం. వాడేవారు లేని ఖాతా, కాపలా లేని తలుపు అని ఆమె వాదన. నా విరమణ నాడు నేను బతిమాలాను. “అప్పుడప్పుడూ వచ్చి చూసుకుంటానమ్మా, ఉండనీ.” “మీరు రండి బాబాయ్, టీ ఇస్తాం. ఖాతా మాత్రం వద్దు” అని నా చేయి పట్టుకుని మరీ నొక్కించారు. ఆ తరువాత చాలా రోజులు ఇంట్లో ఉదయం కాగానే నా వేళ్లు ఆ పొడవాటి వాక్యాన్ని బల్లమీద కొడుతూ ఉండేవి. తెరుచుకునేది ఏదీ లేదు.

అదే ఘడియ ఇప్పుడు ఆమెకు వచ్చింది. అయితే ఆమె ఖాతాలో ఉన్నది ఆమె పని ఒక్కటే కాదు. పంపు గది నుంచి అన్నేళ్లపాటు వచ్చిన సందేశాలన్నీ అందులోనే ఉన్నాయి. ఖాతా పోతే అవీ పోతాయి. మరెక్కడా ఆ మనిషి రాసిన మాట ఒక్కటి లేదు. మన అధికారి గారు వయసులో చిన్నవారు, మనసున్నవారు. “అక్కా, మీ ఖాతా అలాగే ఉంచేద్దాం, ఎవరడుగుతారు?” అన్నారు. ఆమె వద్దన్నారు. “పోనీ పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుని తీసుకెళ్లండి.” పెన్‌డ్రైవులు ఈ గుమ్మం దాటకూడదని జీవితమంతా పోరాడిన మనిషి, దానికీ వద్దన్నారు. సొంత విషయం తీసుకువెళ్లదలచిన ఉద్యోగి కంప్యూటరు విభాగపు బాధ్యురాలిని కోరాలి, ఆ బాధ్యురాలు ప్రతి పంక్తీ చదివి, ఆఫీసు సమాచారం ఉన్నచోట తీసేసి ఇవ్వాలి. అది పద్ధతి. ఆ బాధ్యురాలు తానే కనుక, తనకు తాను అనుమతి ఇచ్చుకోవడం సబబు కాదని, విరమణకు వారం ముందే బాధ్యతలను తాను తయారుచేసిన శిష్యురాలికి అప్పగించి, ఆ తరువాతే కోరారు.

శిష్యురాలు గురువుకు తగినది. మట్టాలు, పంపు వేళలు ఆఫీసు సమాచారమే కాబట్టి, ప్రతి సందేశం నుంచి ఆ ముక్కలన్నీ తీసేసి, మిగిలిన దాన్ని ఆమె ముందుంచింది. తాళాలక్క గారు చదివి, “సరిగ్గా చేశావమ్మా” అని ఇంటికి వెళ్లిపోయారు.

ఆ సాయంత్రం నాకు ఆమె కూతురు ఫోను చేసింది. ఆ అమ్మాయి దంతవైద్యురాలు. ఊరందరి చేతా నోరు తెరిపించడం వృత్తి. తల్లి నోరు మాత్రం తెరిపించలేకపోయింది.

“తాతయ్యా, ఆఫీసులో ఏమైంది? వచ్చిన దగ్గర్నుంచి అమ్మ ఒక్క మాట మాట్లాడట్లేదు. ఏమంటే ‘అంతా పద్ధతి ప్రకారమే జరిగింది’ అంటోంది.”

మరునాడు నేను ఆఫీసుకు వెళ్లి తాళాలక్క గారి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఆమె స్క్రీన్ నా వైపు తిప్పి ఒక పంక్తి చూపించారు.

“నీకు చూపిద్దామనిపించింది.”

“ఏం చూపిద్దామని?” అన్నాను.

“అదే పోయింది బాబాయ్. పైన ‘మట్టం నిండు, తెల్లారేసరికి అంచుదాకా వచ్చింది’ అని ఉండేది. అది ఆఫీసు సమాచారం.”

కిందకు జరుపుతూ పోయాను. “నువ్వు అన్నట్టే అయింది.” ఏమైంది? “భయపడకు, రేపటికి పెరుగుతుంది.” ఏది పెరుగుతుంది? ఆ మనిషి తన మనసులోని ప్రతి మాటనూ నీళ్లకే కట్టి పంపినవాడు. నీళ్లు తీసేస్తే ఆయన కూడా కొట్టుకుపోయాడు. ఆమె స్క్రీన్ తనవైపు తిప్పుకుని, “చిన్నదాన్ని ఏమీ అనకండి. నేను నేర్పిందే చేసింది” అన్నారు.

నాకు కోపం వచ్చింది. కోపం వస్తే నాకు బుద్ధి బాగా పనిచేస్తుంది, ఏడాదికి ఒకటి రెండుసార్లు. ఆమెనూ శిష్యురాలినీ వెంటబెట్టుకుని అధికారి గారి గదిలోకి వెళ్లాను.

“బాబూ, మీరు రాకముందు ఈ ఆఫీసు గేటు పక్కన ఒక నల్లబోర్డు ఉండేది. రోజూ రెండుపూటలా జలాశయం మట్టం దానిమీద సుద్దముక్కతో రాసేవాణ్ణి నేను. నా తరవాత అటెండరు రాశాడు. ఆపరేటరు పోయి, యంత్రం వచ్చాకే బోర్డు తీసేశారు. జనం దారిన పోతూ చదివి, ఇవాళ నీళ్లొస్తాయా రావా అని చూసుకుని పోయేవారు. ఊరంతా చదివిన అంకె, కట్టుకున్న భార్య చదవకూడదా?”

అధికారి గారు నిటారుగా కూర్చున్నారు. “నిజమా అక్కా?”

“నిజమేనండి” అన్నారు తాళాలక్క గారు, నేలచూపులు చూస్తూ.

“మరి మీరెందుకు చెప్పలేదు?”

“నా కోసం నేనే అడుగుతున్నట్టుంటుంది కదా.”

అధికారి గారు శిష్యురాలి వైపు తిరిగారు. “ఏమంటావమ్మా? నిర్ణయం నీది.”

ఆ అమ్మాయి కొంచెం ఆలోచించింది. “మొదటిరోజు అక్కే నాకు చెప్పారు సార్. ఏది దాచాలో తెలియనివాడు అన్నీ దాస్తాడు, చివరికి దాచాల్సింది దాచలేడు అని. బోర్డు మీద రాసిన మట్టం దాచేదేం కాదు. పంపు వేళలు మాత్రం తీసేస్తాను.” తరువాత గురువు వైపు చూసి, “వేళలు ఇవ్వను అక్కా, ఏమనుకోవద్దు” అంది.

“ఇచ్చి ఉంటే కుర్చీ వరండాలో పెట్టేదాన్ని” అన్నారు తాళాలక్క గారు. చాలా రోజుల తరువాత ఆమె నవ్వడం అప్పుడు చూశాను.

సందేశాలు ఈసారి నీళ్లతో సహా ఆమె సొంత మెయిలుకు చేరాయి. ఆ తరువాత ఖాతా తొలగించే పని. సాక్షిగా నన్ను కూర్చోబెట్టారు. యంత్రం, “ఖచ్చితంగా తొలగించాలా?” అని అడిగింది. ఆమె వేలు కాసేపు ఆ మీట మీద ఆగింది. నేను ఎన్నో వేళాకోళాలు సిద్ధం చేసుకుని వెళ్లాను, నా చేయి పట్టి నొక్కించిన దానికి బదులు తీర్చుకుందామని. ఒక్కటీ నోటికి రాలేదు. ఆమె నొక్కారు. అక్కడితో లేవలేదు. తాళం వేశాక ఒకసారి లాగి చూసే అలవాటు కదా, తమ పేరూ, ఇన్నేళ్లుగా ఈ భవనాన్ని తెరిచిన ఆ రహస్య వాక్యమూ మరొక్కసారి టైపు చేశారు. ‘ఈ పేరుతో ఎవరూ లేరు’ అని వచ్చింది.

“గట్టిగానే పడింది” అని, గొడుగు తీసుకుని లేచారు.

పదవులు విడిచినవారు పాత గదులను తలుచుకోవడం సహజం. నేనూ తలుచుకుంటాను. ఆ చల్లని గది, వరండాలో కుర్చీలు, “బూడిదా” అన్న కేక. వాటిలోకి తిరిగి వెళ్లడానికి ఏ పాస్‌వర్డూ లేదు. ఇక మీదట ఆ తలపోతల్లో నాకొక తోడు దొరికినందుకు స్వార్థంతో సంతోషిస్తున్నాను. ఆమె వెళ్లిపోతున్నందుకు ఈ కార్యాలయంతో పాటు దుఃఖిస్తున్నాను. మన ఉద్యోగులు ఇకనైనా స్క్రీను లాక్ చేసి లేస్తారని, పెద్దలు ఓటీపీలు చెప్పరని, క్యాషియరు గారి వారసులు కనిపించిన ప్రతిదాన్నీ నొక్కరని ఆశిస్తున్నాను. ఆమెకు మనం ఇవ్వగల సత్కారం అదే.

ఆ సందేశాలను ఆమె ఏం చేస్తున్నారని నిన్న కూతుర్ని అడిగాను. “రోజుకి ఒకటే చదువుతోంది తాతయ్యా. పొద్దున్నే కూర్చుని, ఒకటి తెరిచి, మట్టం చూసి, కింద గడి చూసి మూసేస్తుంది. రెండోది చదవమంటే రేపు అంటుంది” అంది. రోజుకు రెండు చొప్పున ఎన్నో సంవత్సరాలు వచ్చిన సందేశాలు అవి. రోజుకు ఒక్కటే చదివితే ఆ కాలానికి రెట్టింపు కాలం పడుతుంది. కనుక శ్రీమతి తాళాలక్క గారికి ఆ చివరి సందేశం దాకా కళ్లు చక్కగా కనిపించాలని, కీళ్లు నొప్పెట్టక కుర్చీలో హాయిగా కూర్చోగలగాలని, ప్రతి ఉదయమూ జలాశయం నిండుగానే ఉండాలని, అన్నీ చదివి ముగించిన మరునాడు మళ్లీ మొదటి సందేశం తెరిచి, “తిన్నావా?” అన్న ప్రశ్నకు తిన్నానని జవాబు చెప్పుకునేంత ఆరోగ్యమూ ఆయుష్షూ ఆమెకు మిగిలి ఉండాలని, ఖాతా లేని మరొక ముసలివాడిగా మనసారా కోరుకుంటున్నాను.